పగడాల వీథి నుండి కొత్తరెడ్డిపాలెము వరకు

యూదుల ధర్మశాస్త్రమున పదిమంది లెక్క యొకటి కలదు. పదుమూడేండ్లు నిండిన పురుషులు పదుగురు కూడిననే గాని సామూహిక ప్రార్థన సంపూర్ణము కాదనియు, తొమ్మండుగురు మాత్రమే వచ్చిన దినమున ధర్మగ్రంథపు చుట్టను మందసమునుండి వెలికి దీసి సభలో పఠింపరాదనియు వారి ప్రాచీనాచారము. నేడు కొన్ని శాఖలవారు స్త్రీలను గూడ ఈ లెక్కలో చేర్చుచున్నారు గాని సంఖ్య మాత్రము మారలేదు. దీనికి తోడు విశ్రాంతిదినపు కట్టుబాటొకటి యున్నది. శుక్రవారము ప్రొద్దుగ్రుంకినది మొదలు శనివారము నక్షత్రములు కానవచ్చువరకు ఆచారవంతుడైన యూదుడు బండి నెక్కడు, దీపము వెలిగింపడు, తాళపుచెవినైనను ఇంటినుండి వీథిలోనికి గొనిపోడు. సమాజమందిరమునకు కాలినడకనే పోవలెను. ఈ రెండు విధులను కలిపి యోచించినచో, ఒక ప్రార్థనాసంఘపు మనుగడ మందిరపు గోడలమీద గాక, ఆ గోడలకు నడక దూరమున కాపురమున్న కొలదిపాటి కుటుంబములమీద ఆధారపడి యున్నదని తేటపడును.

కావుననే నగరముల నడిబొడ్డుననున్న పాతపేటలలో నేలధర పెరిగి, అద్దెలు మోయలేక సామాన్య సంసారులు ఊరి చివరలకు తరలిపోవునప్పుడు, మిగిలిన మతములవారి ఆలయములు భక్తులు బండ్లమీద వచ్చుటచేతనైనను నిలుచుచుండగా, యూదుల సమాజమందిరము మాత్రము కొన్నియేండ్లలోనే మూగబోవును. అమెరికాలో పలు సంఘములవారు నగరపాలకుల గడప త్రొక్కి, తాము పేటలోనే నిలుచుటకు తోడ్పడుమని కోరుటకు మూలకారణ మిదియే. ప్రభుత్వధనము మతప్రచారమునకు వినియోగింపరాదను నియమము అమెరికా రాజ్యాంగమునందును, వేరొక రూపమున మన రాజ్యాంగపు 27వ అధికరణమునందును కలదు గావున, వారు కోరునది పూజకు ధనము కాదు. పురాతన కట్టడమునకు మరమ్మతు, పన్నులో సడలింపు, చుట్టును ఆకాశహర్మ్యములు లేచి మందిరమును మ్రింగివేయకుండ కట్టడపు నిబంధనలలో కొంత దయ.

నగరపు అనుమతి మతవిధియందే భాగమైన సందర్భమును ఒకటి కలదు. విశ్రాంతిదినమున ఇంటి వెలుపల బరువు మోయరాదు గదా. పసిబిడ్డను ఎత్తికొన్న తల్లి మందిరమునకు వచ్చుట యెట్లు? పేట చుట్టును స్తంభమునుండి స్తంభమునకు సన్నని తీగను లాగి, ఆ యావరణ మంతయు ఒక్క గృహముతో సమానమని భావించుట వారి పూర్వులు కనిపెట్టిన యుపాయము. దీనిని ఎరూవ్ అందురు. ఆ తీగకు వీథిస్తంభములు కావలెను, స్తంభములు నగరమువి లేదా విద్యుత్సంస్థవి. అంతేగాక, ఆ ప్రదేశమును ఊరి అధికారినుండి నామమాత్రపు సొమ్మునకు అద్దెకు గైకొనవలెనని శాస్త్రమే చెప్పుచున్నది. న్యూయార్కు నగరమున మన్‌హాటన్ ద్వీపములో నేటికిని ఇట్టి తీగ యొకటి కలదు. ప్రతివారమును దానిని పరీక్షించి, తెగినచో అతికింతురు. పాలకుని సమ్మతి లేక గృహస్థధర్మము సాగదని ఇంత స్పష్టముగా ఒప్పుకొనిన మతమును నేను వేరొకదాని నెరుగను.

అదే నగరమున ఎల్డ్రిడ్జి వీథిలోని మందిర చరిత్రము ఈ సమస్యకు ఒక మార్గమును చూపును. తూర్పు ఐరోపానుండి వలసవచ్చిన నిరుపేదలు 1887లో దానిని వైభవముగా నిర్మించుకొనిరి. 1924 నాటి చట్టముచే వలసలు అడుగంటగా సభ్యులు తగ్గిరి. 1950ల నాటికి పైనున్న మహాసభాగారమునకు తాళము వేసి, మిగిలిన కొలదిమంది క్రింది చిన్నగదిలో ప్రార్థనలు సాగించిరి. పైకప్పు కారినది, పావురములు గూళ్లు కట్టినవి. 1986లో ఆరంభమైన ఉద్ధరణము 2007లో ముగియునప్పటికి దాదాపు రెండుకోట్ల డాలర్లు వ్యయమయ్యెను. అందు నగరపు ధనమును కొంత కలదు. నేడది ప్రదర్శనశాల, చుట్టును నివసించువారు చీనీయులు. అయినను చిన్న సంఘమొకటి అందు ప్రార్థనలు మానలేదు. కట్టడము నిలిచినది, సంఘమును ప్రాణములతో నున్నది. ఈ రెండును కలిసి జరుగుట అరుదు.

తుర్కయాంజాల్ వంటి ఊర నుండువారికి ఈ చర్చ దూరపుదిగా తోచరాదు. హైదరాబాదునుండి నాగార్జునసాగరు బాటమీద ఇబ్రహీంపట్నము దిశగా పోవునప్పుడు కానవచ్చు ఈ యూరు నిన్నమొన్నటివరకు పల్లెయే. తరువాత పురపాలకత్వము వచ్చినది, చేలు ఫ్లాట్లయినవి, గజముల లెక్కన నేల అమ్ముడుపోవుచున్నది. పల్లె నడుమ బొడ్రాయి యెక్కడ నుండవలెనో పూర్వము ఊరివారెల్లరు కూడి నిర్ణయించిరి. ఇప్పుడు ఏ గుడికి, ఏ మసీదుకు, ఏ శ్మశానమునకు ఎంత చోటు మిగులునో లేఔటు గీసినవాని చేతిలో నున్నది. పెద్ద సమూహములకు ఓట్లున్నవి, నాయకులున్నారు. పదిమంది లెక్కతో బ్రదుకు సంఘమునకు నగరపాలకుని న్యాయబుద్ధి తప్ప వేరు దిక్కు లేదు.

మన తెలుగునేలకు యూదులు కొత్తవారు కారు. సర్మద్ అను పారశీక కవి, యూదకుటుంబమున జనించి సూఫీమార్గము త్రొక్కినవాడు, ఢిల్లీ చేరక మునుపు కుతుబ్‌షాహీల హైదరాబాదులో నుండెను; నానామతములను వివరించు దబిస్తాన్ అను పారశీక గ్రంథమును వ్రాసినవాడు 1647లో ఆయనను అచటనే కలిసికొని యూదమత విషయములను సేకరించెను. కాని సంఘముగా యూదులు తెలుగువారి చెంత నిలిచినది చెన్నపట్టణమున. కృష్ణాతీరపు కొల్లూరు గనులలో లభించు వజ్రములకై లండను, లివోర్నో నగరముల యూదవర్తకులు మధ్యధరాసముద్రపు పగడములను ఓడలకెత్తి పంపుచుండిరి. పగడము దిగుమతి, వజ్రము ఎగుమతి. చెన్నపట్టణపు ముత్యాలపేటలో నేటికిని నిలిచియున్న పగడాలవర్తకుల వీథి ఆ వ్యాపారపు పేరే. జాక్వెస్ ద పైవా అను వర్తకుడు తానే గోలకొండ గనుల దాక పోయివచ్చి 1687లో చెన్నపట్టణమున మరణించెను. అదే సంవత్సరమున ఔరంగజేబు గోలకొండను జయించెను. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయపు నీటి క్రింద నున్నది.

1687 డిశంబరు 30వ తేదీన ఇంగ్లండు రాజు రెండవ జేమ్సు పేర చెన్నపట్టణమునకు కార్పొరేషను శాసనము వెలువడెను. మరుసటి యేడు సెప్టెంబరు 29న ఆ సభ కొలువుదీరెను. భారతదేశమున నగరపాలకసంస్థలకు అదియే మొదలు. నాథానియేల్ హిగ్గిన్సన్ మేయరు; పన్నిద్దరు ఆల్డర్మనులు. వారిలో ముగ్గురు యూదవర్తకులు. బార్తొలొమియో రోడ్రిగ్స్, డొమింగో దో పోర్తో అందులోనివారు. వారి సరసనే చిన్న వెంకటాద్రి, ముద్దు వీరన్న అను దేశీయవర్తకులును ఆసీనులైరి. తెలుగు పేర్లవారును, పోర్చుగలు మతవిచారణకు భయపడి వంశక్రమమున దేశములు మారి వచ్చిన యూదులును ఒకే సభలో నగరపు పన్నులను, వీథులను గూర్చి తీర్మానములు చేసిరన్నమాట. నగరము తన యాదరణము నెవరికి ఈయవలెనని నేడు జరుగుచున్న తర్కములన్నిటికిని ముందు, ఆ నగరమును నిర్మించినవారిలో తామును ఒకరమని చెప్పుకొనగల హక్కు చెన్నపట్టణపు యూదులకు కలదు.

ఆ హక్కు వారిని పేటలో నిలుపలేకపోయినది. 1720లలో బ్రెజిలు వజ్రములు బయల్పడుటతో గోలకొండ వ్యాపారము మందగించెను. వర్తకులు తగ్గిరి, పది మంది లెక్క తప్పెను. టంకసాల వీథిలోని వారి శ్మశానవాటిక నగరము పెరుగుచు వచ్చిన కొలది అడ్డమై తోచెను. సమాధిశిలలు కాసిమేడు ప్రాంతమునకు, అచటనుండి 1983లో లాయిడ్సు రోడ్డునకు తరలింపబడెను. 1709లో మరణించిన ఐజాక్ సార్డో అబెందనా, 1763లో మరణించిన సాలమన్ ఫ్రాంకో మొదలగువారి శిలలు నేడు ఆ చిన్న ఆవరణములో నున్నవి. శిలలను పారవేయకపోవుట మంచిపనియే. అయినను యూదుల సంప్రదాయమున సమాధిని కదలించుట మిక్కిలి దోషమని యెరిగినవారికి, పలుమారులు చోటు మార్చబడిన ఈ రాళ్లు నగరపు మరపునకు గుర్తులుగానే తోచును. బ్రతికియున్న సంఘమునకు చోటీయవలెనని అడుగువారు ముందుగా ఈ చరిత్రమును చదువవలెను.

పాలకుడు పూనుకొన్నచోట మరియొక విధముగా జరిగెను. క్రీస్తుశకము 1000 ప్రాంతమున కేరళరాజు భాస్కర రవివర్మ యూదనాయకుడైన జోసెఫు రబ్బానునకు తామ్రశాసనముతో 72 మర్యాదల నొసగెను. 1568లో కొచ్చిరాజు తన కోటగోడ ప్రక్కనే మట్టాంచేరిలో పరదేశి మందిరమునకు నేల నిచ్చెను. పోర్చుగీసులు 1662లో దానిని తగులబెట్టగా, డచ్చివారి కాలమున తిరిగి లేచినది. కేరళ ప్రభుత్వము ముజిరిస్ వారసత్వ పథకముక్రింద పరవూరు మందిరమును బాగుచేసినది. అదే మట్టాంచేరిలో ఏ యాదరువును లేని కడవుంభాగము మందిరము 2019 వానలకు కూలిపోయినది. కేరళ యూదులలో అధికసంఖ్యాకులు ఇస్రాయేలునకు పోయిరి. బాగుపడిన మందిరములలో ప్రార్థించువారు లేరు.

ప్రార్థించువారున్న తెలుగు సంఘము ఒక్కటి గుంటూరు జిల్లాలో, చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెములో నున్నది. అది నగరము కాదు, పల్లె. ఐనను పైన చెప్పిన చర్చ యంతయు అచట సజీవముగా నిలిచియున్నది. బెనె ఎఫ్రాయిము అని తమ్ము పిలుచుకొను ఈ కుటుంబములవారు మాదిగ కులమున జనించినవారు, మునుపు క్రైస్తవులుగా నుండినవారు, అధికభాగము వ్యవసాయకూలీలు. ఇస్రాయేలు పండ్రెండు గోత్రములలో ఎఫ్రాయిము గోత్రమువారమనియు, పారశీక, ఆఫ్గను దేశముల మీదుగా ఉత్తరభారతమునకును అచటనుండి దక్షిణమునకును వచ్చితిమనియు వారి పరంపర చెప్పుచున్నది. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అను సోదరులు 1980లలో ఈ మార్గమున వారిని నడిపింపగా, 1991లో ఆ యూర సమాజమందిరము వెలసెను. యూలియా యెగొరోవా, షాహిద్ పెర్వేజ్ అను పరిశోధకులు ఆ యూర చిరకాలము నివసించి 2013లో ప్రకటించిన గ్రంథము వారి జీవితమును వివరముగా తెల్పుచున్నది.

వారి మూలకథను చరిత్రకారులు ఋజువు చేయగలరా యనునది వేరు ప్రశ్న. మణిపూరు, మిజోరముల బెనె మెనాషె వారిని ఇస్రాయేలు ప్రధానరబ్బీ 2005లో ఇస్రాయేలు సంతతివారుగా అంగీకరించెను. కొత్తరెడ్డిపాలెము వారికి అట్టి యంగీకారము దొరకలేదు. నా కంటికి ఆ యంగీకారముకంటె ముందు రావలసినది ఇంటి దగ్గర గౌరవము. శతాబ్దములు గ్రామపు టంచున నుంచబడినవారు, తమకు నచ్చిన దైవమును తమకు నచ్చిన భాషలో పిలుచుకొనుటకు, శనివారము పనికి రామని భూస్వామితో చెప్పగలుగుటకు ఎంత ధైర్యము కావలెనో దానిని తెలియనివారే వారి వంశావళిని గూర్చి హాస్యమాడగలరు.

చట్టమున నొక చిక్కు కలదు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులములవారు హిందువులై యుండవలెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. దళిత క్రైస్తవులకు మనకడ బీసీ-సీ వర్గము కలదు. యూదునకు ఈ పట్టికలో చోటు లేదు. కూలివాని కొడుకు పాఠశాలలో తన మతమును ఉన్నదున్నట్లు వ్రాయించుకొన్నచో ఉపకారవేతనమునకే ముప్పు రావచ్చును. మరియు జాతీయ అల్పసంఖ్యాకవర్గముల పట్టికలోను యూదులు లేరు. మహారాష్ట్ర 2016లో, గుజరాతు 2018లో తమతమ రాష్ట్రములలో వారికి ఆ ప్రతిపత్తి నొసగినవి. రెండుచోట్లను యూదులు కొలదిమందియే, ఖజానాకు భారము నామమాత్రము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అట్టి ఉత్తర్వు నొకదానిని వెలువరించి, ఈ కుటుంబముల పిల్లలకు ఇప్పుడున్న విద్యాసహాయము మతనామముచే తగ్గదని అందులోనే స్పష్టపరచినచో, పంచాయతీవారు మందిరపు ఆవరణమునకును సమాధుల నేలకును తగిన పత్రములు వ్రాసియిచ్చినచో, పట్టణములకు పోయిన యువకులు పండుగకైనను తిరిగివచ్చి పదిమంది లెక్కను నిలుపుకొందురు.