గాలపు ఎఱయు దాని వాసనయు

మండపేట ప్రాంతమున నాట్లు ముగిసిన పిమ్మట గాలపుకఱ్ఱ భుజమున వైచుకొని కాలువగట్టు చేరు రైతులు పెక్కురు. ఎఱకు పూయు వాసన నూనెలు ఇపుడు సీసాలలో అమ్మకమునకు వచ్చుచున్నవి. నాలుగు చుక్కలు వేసినచో చేప తప్పక పట్టునని అమ్మువారి మాట. రూకలు వెచ్చించుటకు ముందు చేప వాసన నెట్లు గ్రహించునో సభ్యులు తెలిసికొనుట మేలు.

చేపకు ముక్కురంధ్రములు గలవు గాని అవి ఊపిరికై యేర్పడినవి కావు. నీరు ముందురంధ్రమున జొచ్చి వెనుకరంధ్రమున వెలువడును. నడుమనున్న మడతలు నీట గరగిన పదార్థములను కనిపెట్టును. కరగుటయే యిందు ముఖ్యము. మనము మూర్కొని మెచ్చుకొను నూనె నీట గలియక పైకి తేలిపోవును. త్రుంచిన వానపాము రసము, రొయ్యపొట్టు నానిన నీరు కరగి పాఱి తిండిజాడను తెలుపును. మన మిల్లుల తవుడును దోరగా వేయించి తెలగపిండితో ముద్దగట్టినచో శీలావతికి అదియే చాలును.

అన్ని చేపలును ముక్కుతో మేత వెదకవు. జెల్లలకు మీసములందును ఒడలియందును గూడ రుచి నెఱుగు మొగ్గలు గలవు. అవి చీకటిలోనైనను ఎఱను కనుగొనును. కొఱ్ఱమీను కంటిని నమ్ముకొన్న వేటకత్తె. దానికి కదలెడు కప్పపిల్ల కావలెను. ఆ కప్పకు ఇంగువ పూయుట వృథాశ్రమ. ఈకలతో గట్టిన ఈగయెఱలును, తళుకురేకు ఎఱలును గూడ కంటిని మోసగించునవే. అయితే వానిని నోట గఱచిన చేప రుచి లేమి నెఱిగి తక్షణమే ఉమిసివేయును. అచట వాసనయు రుచియు కొంత తోడ్పడవచ్చును: చేప మఱియొక క్షణము పట్టియుండిన గాలము తగులుకొనును.

వరదకాలమున ధవళేశ్వరము బ్యారేజినుండి ఎఱ్ఱనీరు కాలువలకు వచ్చునపుడు ఎఱ కంటికి గానరాదు. అపుడే వాసనకు విలువ హెచ్చును. వాసన ప్రవాహముతో దిగువకే పోవును గావున, చేపలు మసలు తావునకు ఎగువన ఎఱ వేయవలెను.

వాసన చేపను బెదరింపను గూడ గలదు. గాయపడిన చిఱుచేప చర్మమునుండి వెలువడు పదార్థము తోడి చేపలను చెదరగొట్టునని కార్ల్ ఫాన్ ఫ్రిష్ పండితుడు 1938లో ప్రకటించెను. కెనడాలో ఏటికి ఎదురెక్కు సాల్మను చేపలు మనుష్యుని చేతులు కడిగిన నీరు సోకినంతనే వెనుదీసెను. చర్మమందలి సెరిను అను పదార్థమే కారణమని 1956లో తేల్చిరి. మన శీలావతి సాల్మను కాదు, నిజమే. అయినను కిరసనాయిలు, చుట్ట పొగాకు అంటిన చేతులతో ఎఱను ముట్టకుండుటకు ఖర్చేమి? పురుగుమందు జల్లిన దినమున గాలము జోలికి పోరాదు. ఆ చేప మన కంచములోనికే వచ్చునది.

సీసా కొన్నవారు ఒకేచోట రెండు గాలములు వేసి, ఒక్కదానికే నూనె పూసి, దినదినము తావులు మార్చుచు వారము రోజులు లెక్క వ్రాసికొనవలెను. ఆ లెక్కను సంఘ కార్యాలయమునకు తెచ్చినచో తక్కిన సభ్యులకును జూపవచ్చును.