పాతబడిన కంప్యూటర్లు

యంత్రము పాతబడుట రెండు విధములు. భాగములు అరిగిపోవుట మొదటిది. యంత్రము బాగుగానే ఉన్నను, దానితో చేయవలసిన పని మారిపోవుట రెండవది. కంప్యూటర్లు ఎక్కువగా రెండవ విధముననే పాతబడుచున్నవి.

2015లో వెలువడిన విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14న ముగించినది. మద్దతు లేనిచో క్రొత్తగా బయటపడు భద్రతా లోపములకు సవరణలు రావు. తరువాతిదైన విండోస్ 11కు టి.పి.యం. 2.0 అను భద్రతా సాధనము మొదలైనవి కావలెను. అవి లేని కంప్యూటర్లు చక్కగా పనిచేయుచున్నను పాతవి అయినవి. వానిని ఏమి చేయవలెను?

మొదటి మార్గము తిరిగి వాడుట. పాత కంప్యూటరు మెల్లగా నడచుటకు తరచుగా దాని హార్డ్ డిస్కే కారణము. అందులో పళ్ళెము తిరుగుచుండగా, సమాచారమును చదువు భాగము చోటునుండి చోటికి కదలవలెను. కదలు భాగములు లేని సాలిడ్ స్టేట్ డ్రైవును అమర్చినచో ఈ ఆలస్యము తగ్గును. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్స్ ఆధారముగా తయారైన తేలిక వ్యవస్థలు తక్కువ మెమరీతోనే నడచును. అవి ఉచితముగా లభించును. వానిలో తెలుగు వ్రాయవచ్చును. పాఠశాలలో టైపు, ప్రోగ్రాములు నేర్పుటకు ఇట్టి కంప్యూటరు చాలును.

రెండవ మార్గము ఇతరులకిచ్చుట. అయితే ఫైలును తొలగించినంత మాత్రమున సమాచారము చెరిగిపోదు. గ్రంథాలయపు పట్టికలో పేరు కొట్టివేసినను పుస్తకము బీరువాలోనే ఉండును గదా! విద్యార్థుల వివరములు, బ్యాంకు లెక్కలు పరుల పాలుగాకుండ, హార్డ్ డిస్కునంతటిని తిరగవ్రాయవలెను. సాలిడ్ స్టేట్ డ్రైవునకు తయారీదారులు ఏర్పరచిన తుడిచివేత పద్ధతిని వాడవలెను.

బాగుచేయ వీలులేని వానిలోను విలువ కలదు. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్ క్రీడల పతకములకై జపాను ప్రజలిచ్చిన పాత పరికరములనుండి సుమారు 32 కిలోల బంగారము తీసిరి. కాని విలువతోపాటు విషమును కలదు. పాత గాజు తెరలలో సీసము ఉండును. రాగికొరకు తీగలను బయట కాల్చినచో వాని ప్లాస్టిక్ పొరనుండి డయాక్సినులు పుట్టును. ఆ పొగను మొదట పీల్చువాడు ఆ పనిచేయు కూలివాడే.

2022లో ప్రపంచమందు 6 కోట్ల 20 లక్షల టన్నుల విద్యుత్పరికర వ్యర్థము ఏర్పడగా, సక్రమముగా సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినది నాలుగవ వంతుకంటె తక్కువే. మన దేశమున 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న నియమములు ఇట్టి వ్యర్థమును శుద్ధిచేయించు బాధ్యతను తయారీదారులపై ఉంచినవి. కనుక పనికిరాని కంప్యూటరును రిజిస్టరైన శుద్ధి సంస్థకే అప్పగించవలెను.

పాత గాజు తెరను మాత్రము విద్యార్థులు విప్పరాదు. విద్యుత్తు ఆపిన తరువాత కూడ అందు ప్రమాదకరమైన ఆవేశము నిలిచియుండవచ్చును.

పాత కంప్యూటరును చెత్తలో వేయుటకు ముందు, అది ఇంకను ఏ పనికి వచ్చును, ఎవరికి ఉపయోగపడును అని విచారింపవలెను. ఈ రెంటికిని సమాధానము దొరకనప్పుడే దానిని శుద్ధికి పంపవలెను.