రాయబారులు మారినప్పుడు

రేడియో వార్తలలో తరచుగా వినబడు వాక్యమొకటి కలదు: "ఫలానా దేశపు నూతన రాయబారి నేడు రాష్ట్రపతికి తన అధికార పత్రములను సమర్పించిరి." ఆ వాక్యము ముగియకమునుపే వినువారి మనస్సు వాతావరణ సూచన వైపునకో, బజారు ధరల వైపునకో మరలుట సహజము. ఢిల్లీలో ఒక రాయబారి పోయి మరియొకరు వచ్చినంత మాత్రమున పలాస జీడిపప్పు వర్తకునకుగాని, భోగాపురము తీరమున వల వేయు మత్స్యకారునకుగాని కలుగు లాభనష్టములేమి? ఈ ప్రశ్నను కొంచెము విచారించి చూతము.

రాయబారమనునది తెలుగువారికి కొత్త మాట కాదు. రాత్రి తెల్లవార్లు మేల్కొని పడక సీను, కృష్ణ రాయబారము చూడని పల్లె మన జిల్లాలలో అరుదు. కురుపాండవుల నడుమ సంధి ప్రయత్నమునకు మొదట ద్రుపదుని పురోహితుడు పోయెను. పిదప కౌరవుల పక్షమున సంజయుడు వచ్చెను. తుదకు శ్రీకృష్ణుడే బయలుదేరెను. పోయిన వ్యక్తి మారినకొలదియు మాటకు గల బరువు మారినది. అట్లే లంకలో హనుమంతుని చంపుడని రావణుడు ఆజ్ఞాపించినప్పుడు, దూత అవధ్యుడని విభీషణుడు అడ్డుపడెను. ఈ రెండు సూత్రములే నేటి దౌత్యమునకును పునాదులు. 1961వ సంవత్సరమున వియన్నా నగరమున కుదిరిన ఒడంబడిక వీనిని వ్రాతలోనికి తెచ్చినది. భారతదేశము 1965లో అందు చేరినది.

ఒక దేశము తనకు నచ్చినవారిని తోచినప్పుడు రాయబారిగా పంపుటకు వీలులేదు. ముందుగా ఆ వ్యక్తి పేరును ఎదుటి ప్రభుత్వమునకు రహస్యముగా తెలిపి, వారి అంగీకారము పొందవలెను. సంబంధము ఖాయపరచుకొనకమునుపు పెద్దలు గుట్టుగా కబురంపుట వంటిదే ఇది. ఎదుటివారు కాదనవచ్చును. కాదనుటకు కారణము చెప్పనక్కరలేదు. అంగీకారము లభించిన పిమ్మట కొత్త రాయబారి తమ దేశాధినేత సంతకము గల అధికార పత్రముతో వచ్చును. పూర్వపు రాయబారిని వెనుకకు పిలిపించుకొంటిమని తెలుపు పత్రము కూడ సామాన్యముగా దానితోపాటే అందజేయబడును. రాయబారుల వరుసక్రమమునకు వారి దేశముల పెద్దరికముతో పనిలేదు. విధులు చేపట్టిన తేదీ, వేళలే ప్రమాణము. ముందు వచ్చిన చిన్న దేశపు రాయబారి, వెనుక వచ్చిన అగ్రరాజ్య రాయబారికంటె ముందు నిలుచును.

ఒకరు వెళ్ళి మరియొకరు వచ్చులోపల కార్యాలయమును మూసివేయరు. అచటి అధికారులలో ఒకరు తాత్కాలికముగా బాధ్యత వహింతురు. ఆయననే దౌత్య పరిభాషలో షార్జే దాఫేర్ అందురు. రాయబారి మాత్రమే కాదు, కార్యదర్శులు, సైనిక సలహాదారులు, గుమాస్తాల రాకపోకలు సైతము ఆతిథ్య దేశపు విదేశాంగ శాఖకు తెలుపవలసినవే. ఎవరినైనను "అవాంఛనీయ వ్యక్తి" అని ప్రకటించు హక్కు ఆతిథ్య దేశమునకు కలదు. అట్లు ప్రకటించినచో వారిని పంపినవారు పిలిపించుకొనవలెను.

ఈ మార్పులతో మన ప్రాంతమునకు పాత సంబంధమే కలదు. 1937లో బొబ్బిలి ఎన్నికలో బొబ్బిలి రాజానే ఓడించిన శ్రీ వి. వి. గిరి 1947 నుండి 1951 వరకు సింహళమున భారత హై కమిషనరుగా పనిచేసిరి. ఆయనను రాయబారి అని ఏల పిలువలేదు? ఆనాడు ఇరు దేశములకును ఒకే చక్రవర్తి నామమాత్రపు అధినేత. ఒక రాజు తన వద్దకు తానే రాయబారిని పంపుకొనుట పొసగదు గదా! 1950లో మనము గణతంత్రమైనను, కామన్వెల్తు దేశముల మధ్య ఆ బిరుదే నిలిచిపోయినది. సింహళము నుండి తిరిగివచ్చిన గిరి 1952లో పాతపట్నము నుండి లోకసభకు ఎన్నికై కేంద్రమున కార్మిక మంత్రి అయిరి. అట్లే 1931 నుండి 1936 వరకు విశాఖపట్నమున ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా నుండిన శ్రీ సర్వేపల్లి రాధాకృష్ణన్, 1949లో మాస్కోలో శ్రీమతి విజయలక్ష్మీ పండిట్ స్థానమున రాయబారియైరి. 1952లో ఆయన స్థానమునకు శ్రీ కె. పి. ఎస్. మీనన్ వచ్చిరి. ముగ్గురు మూడు విధముల వ్యక్తులు. అయినను వారు వహించిన అధికారము ఒక్కటే.

ఇంతవరకు చెప్పినది పెద్దల ముచ్చట. ఇక సామాన్యుని సంగతి. మన తీరమున తగిన రేవులు లేక, శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మత్స్యకారులు ఏటేటా గుజరాతులోని వేరావలునకు వలసపోయి, అచటి పడవలలో కూలికి పనిచేయుదురు. 2018 నవంబరులో అట్లు పోయినవారిలో కొందరు సముద్రముపై సరిహద్దు దాటిరని పాకిస్తాను వారికి పట్టుబడి కరాచీ చెరసాలకు చేరిరి. డి. మత్స్యలేశము వంటి పల్లెలలో ఇల్లాండ్రు అర్జీలు పట్టుకొని తిరిగిరి.

నడిసముద్రమున పట్టుబడిన మత్స్యకారుని చేతిలో పాసుపోర్టు ఉండదు. వాడు భారతీయుడని ఎవరో ఒకరు పోయి, చూచి, మాటలాడి నిర్ధారింపవలెను. ఆ పని ఇస్లామాబాదులోని మన హై కమిషను ఉద్యోగులది. 2008 మే నెలలో కుదిరిన ఒప్పందము ప్రకారము పట్టుబడిన మూడు నెలలలోగా వారిని కలియుటకు అవకాశమీయవలెను. ప్రతి సంవత్సరము జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలను ఇరు దేశములు మార్చుకొనవలెను.

ఇంతలో 2019 ఆగస్టులో సంబంధములు చెడి, మన హై కమిషనరును తిరిగి వెళ్ళవలసినదిగా పాకిస్తాను కోరెను. మనవారి ఇండ్లలో ఆ వార్త విన్నప్పుడు కలిగిన కలవరమును ఊహింపవచ్చును. అయినను తాత్కాలికాధికారి క్రింద కార్యాలయము నడచినది. 2020 జనవరి 6న ఇరువదిమంది ఆంధ్ర మత్స్యకారులు వాఘా సరిహద్దు వద్ద మనవారి చేతికి అప్పగింపబడిరి.

అటుపిమ్మట 2020 జూనులో ఇరు కార్యాలయముల సిబ్బందిని సగమునకు, అనగా నూట పది నుండి ఏబదియైదునకు తగ్గించిరి. 2025 ఏప్రిలులో, పహల్గాము ఘాతుకమునకు పిదప, ఆ సంఖ్య ముప్పదికి దిగినది. రక్షణ సలహాదారులను ఇరుపక్షములును పంపివేసినవి. దేశగౌరవము దృష్ట్యా తీసికొను ఇట్టి నిర్ణయములకు వేరు కారణములుండును. వాని మంచిచెడ్డలు ఇచట విచార్యములు కావు. కాని 2025 జూలై 1న పాకిస్తాను ఇచ్చిన జాబితాలో భారతీయులు లేక భారతీయులుగా భావింపబడు మత్స్యకారులు 193 మంది కలరు. పోయి చూడవలసినవారు తగ్గినప్పుడు, ఎదురుచూచువారి పాలిట ఒక్కొక్క ఉద్యోగి రాకపోకయు లెక్కకు వచ్చును.

కనుక ఇకముందు రాయబారి మారెనను వార్త వినబడినప్పుడు, అది రాజధానిలో జరిగిన వేడుకగా మాత్రమే భావింపవలదు. దూరతీరమున మనవాడొకడు చిక్కుకొన్నచో, వాని పేరు అడిగి వ్రాసికొను మనిషి ఎవరో ఆ వార్త మనకు తెలుపుచున్నది.