తాండూరు నల్లరేగడిలో సెల్లార్ తవ్వుతున్నారా? నిలబడ్డ మట్టిని నమ్మొద్దు

పాత ఇల్లు కూల్చి, సెల్లార్‌తో కొత్తది కట్టాలనుకునే కుటుంబం సిమెంట్, స్టీల్ లెక్క ముందే వేసుకుంటుంది. తవ్విన గుంత గోడ కూలకుండా పెట్టే ఖర్చు మాత్రం చాలాసార్లు ఆ లెక్కలో ఉండదు. "నాలుగు రోజుల పనే కదా" అంటారు. ప్రాణాలు పోయేది ఆ నాలుగు రోజుల్లోనే.

తాండూరులో చాలాచోట్ల పైన నల్లరేగడి, కింద నాపరాయి. ఎండాకాలంలో ఈ మట్టిని జేసీబీతో నిలువుగా కోసినా కదలదు. మోసమంతా అక్కడే ఉంది. ఎండకు లోపలిదాకా నెర్రెలు విచ్చి ఉంటాయి. వాన నీళ్లు వాటిలో దిగగానే మట్టి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, నెర్రె వెంబడి పెద్ద పెళ్లగా విరిగి పడుతుంది. ఒక్క ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నులకు పైనే తూగుతుంది. నడుము దాకా కూరుకున్న మనిషిని కూడా చేతులతో లాగలేరు.

వికారాబాద్ వైపు ఎర్ర మొరం కాస్త నయం. అయితే ఎప్పుడో పూడ్చిన బావి పక్కన తగిలితే ఆ ధీమా కూడా పనికిరాదు.

కేంద్ర ప్రజాపనుల శాఖ భద్రతా నియమాల ప్రకారం లోతు 1.5 మీటర్లు, అంటే సుమారు ఐదు అడుగులు దాటితే గోడల్ని మెట్లుగానో వాలుగానో కోయాలి, లేదా కర్రలతో గట్టిగా ఆపాలి. తవ్విన మట్టిని అంచుకు 1.5 మీటర్లు లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. ఇరుకు గల్లీలో వాలుకు జాగా ఎక్కడిది? కాబట్టి గోడకు పలకలు ఆనించి, అడ్డంగా దూలాలు బిగించడమే దారి. లోతు ఎక్కువైతే, పక్కనే ఇల్లుంటే మేస్త్రీ అంచనా చాలదు. ఇంజనీరు డిజైన్ కావాలి. పక్కింటి గోడ వెంబడి ఒకేసారి తవ్వకుండా ముక్కలు ముక్కలుగా తవ్వి, కట్టుకుంటూ పోవాలి.

పొరుగువారి నేలకు మన నేల ఇచ్చే ఆసరా చట్టపరమైన హక్కే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఆ మాట చెబుతోంది. అందుకే తవ్వకముందే పక్కింటి గోడ పగుళ్లను వాళ్ల ఎదుటే ఫొటో తీయించడం ఇద్దరికీ మంచిది.

వాన పడిన మర్నాడు అంచు వెంట కొత్త పగులు కనిపిస్తే కూలీలను దించకూడదు. ఆసరాలను కూడా ఒక్కసారిగా పీకేయకూడదు. గోడ కట్టి వెనక మట్టి నింపుకుంటూ, కింది నుంచి ఒక్కొక్కటిగా తీయాలి.