దెబ్బ తగిలిన తొండ పిల్ల ఇంటికి వస్తే ఏం చేయాలి?



వానలు తగ్గుముఖం పట్టే ఈ రోజుల్లో కంచెల మీద, పూలకుండీల దగ్గర వేలెడంత తొండ పిల్లలు కనిపిస్తాయి. తొండ వానాకాలంలో మెత్తటి మట్టిలో చిన్న గుంత తవ్వి పది, ఇరవై దాకా గుడ్లు పెట్టి కప్పేసి వెళ్ళిపోతుంది. ఆరేడు వారాలకు పిల్లలు వాటంతట అవే బయటికి వస్తాయి. పిల్లి నోట్లో పడేవి, తలుపు సందులో నలిగేవి, సైకిలు కింద పడేవి ఎక్కువగా ఇవే. మన పిల్లలు వాటిని కంపాస్ బాక్సులో, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెస్తారు. "అమ్మా, దీన్ని పెంచుకుందాం" అంటారు. అలా తెచ్చినప్పుడు కోప్పడకండి. ఆ పిల్లవాడు దెబ్బ తిన్న ప్రాణిని చూసి దాటి వెళ్ళలేకపోయాడు, అది మంచి గుణమే. అయితే ఆ మంచితనం తొండకు ఉపయోగపడాలంటే కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. ఎందుకంటే గాయం కన్నా మనం చేసే సేవ దానికి ఎక్కువ హాని చేసే సందర్భాలు చాలా ఉన్నాయి.

ముందుగా, తెచ్చింది ఏమిటో చూడండి. గోడ మీద పాకేది, కళ్ళకు రెప్పలు లేనిది బల్లి. వీపు మీద ముళ్ళ వరుస, పొడవాటి సన్నని తోక ఉన్నది తొండ. "తొండ ముదిరితే ఊసరవెల్లి" అని మనం సామెత చెప్పుకుంటాం గానీ, ఎంత ముదిరినా తొండ తొండే. ఊసరవెల్లి వేరే జాతి, దాని కళ్ళు రెండూ రెండు వైపులకు తిరుగుతాయి, తోక చుట్ట చుట్టుకుంటుంది. మగ తొండ మెడ ఎర్రబడితే మన రక్తం పీలుస్తోందని కొందరు రాళ్ళు వేస్తారు. అది జత కట్టే కాలంలో వచ్చే రంగు మాత్రమే. మన దగ్గర కనిపించే తొండకు గానీ, బల్లికి గానీ, ఉడుముకు గానీ విషం లేదు. పెద్ద తొండ గట్టిగా కరవగలదు, అంతే. సబ్బుతో కడుక్కుంటే సరిపోతుంది.

తొండను తోక పట్టి ఎత్తవద్దు. వేళ్ళతో నొక్కి పట్టినా పక్కటెముకలు విరుగుతాయి, పిల్ల తొండ ఎముకలు అగ్గిపుల్ల కన్నా సన్నం. ఒక గిన్నె బోర్లించి, కిందనుంచి అట్టముక్క జరిపి ఎత్తితే దానికీ మనకూ సుఖం. తర్వాత చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసుకుని పెన్సిలుతో పక్కలకు పది చిన్న కన్నాలు చేయండి. అడుగున వార్తాపత్రిక, దాని మీద మెత్తటి టిష్యూ కాగితం వేయండి. మట్టి, ఇసుక, రంపపు పొట్టు వేయకూడదు, గాయానికి అంటుకుంటాయి. దారాలు ఊడే తువ్వాలు కూడా వద్దు, గోళ్ళు చిక్కుకుంటాయి. మూత పెట్టండి. చీకటిగా ఉంటే దాని భయం తగ్గుతుంది.

గాజు సీసా మాత్రం వద్దే వద్దు. పిల్లలకు లోపల ఏం జరుగుతోందో కనపడాలని ఉంటుంది, అందుకే సీసాలో వేసి కిటికీలో పెడతారు. మన నాందేడ్ ఎండ సంగతి మీకు తెలుసు. ఎండలో పెట్టిన సీసా కొద్ది నిమిషాల్లోనే పొయ్యిలా తయారవుతుంది. తొండ నోరు తెరిచి పట్టుకుందంటే నవ్వుతున్నట్టు కాదు, వేడి తట్టుకోలేకపోతున్నట్టు.

ఈ వేడి విషయం కొంచెం వివరంగా చెప్పాలి, అన్నిటికీ మూలం ఇదే. మన ఒంట్లో వేడి మన ఒళ్ళే పుట్టించుకుంటుంది. తొండకు ఆ సౌకర్యం లేదు. ఎండలోకి వస్తే వెచ్చబడుతుంది, నీడకు పోతే చల్లబడుతుంది. తిన్నది అరగాలన్నా, గాయం మానాలన్నా, రోగంతో ఒళ్ళు పోరాడాలన్నా దానికి బయటి వెచ్చదనం కావాలి. సుమారు 28 నుంచి 32 డిగ్రీలు ఉంటే మంచిది. సెప్టెంబరులో మన ఇళ్ళలో గది వేడి దాదాపు అంతే ఉంటుంది కాబట్టి వేరే ఏర్పాటు అక్కర్లేదు, ఫ్యాను గాలి, ఏసీ గాలి తగలకుండా చూస్తే చాలు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం అర లీటరు సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి, పెట్టెకు ఒక పక్కన ఆనించండి. రెండో పక్క చల్లగానే ఉండాలి. ఏ పక్క కావాలో అదే జరుగుతుంది.

చలికాలంలో ఇంకొక పొరపాటు జరుగుతుంది. పొద్దున్నే దొరికిన తొండ కదలదు, కళ్ళు మూసి ఉంటుంది, ఒళ్ళు నల్లబడి ఉంటుంది. చచ్చిపోయిందని పాతిపెట్టేస్తారు. చల్లబడిన తొండ కూడా అచ్చం అలాగే ఉంటుంది. పెట్టెలో పెట్టి, వెచ్చని చోట రెండు మూడు గంటలు ఉంచి, అప్పుడు నిర్ణయించుకోండి.

ఇక గాయాల సంగతి. అన్నిటికన్నా ప్రమాదం పిల్లి కరిచిన గాయం. పైకి సూది గుచ్చినంత రంధ్రమే కనిపిస్తుంది, "ఏం కాలేదులే" అనిపిస్తుంది. పిల్లి పళ్ళ మీద ఉండే సూక్ష్మజీవులు ఆ రంధ్రం గుండా లోపలికి పోతాయి, ఒకటి రెండు రోజుల్లో తొండ మందకొడిగా అయి చచ్చిపోతుంది. దీనికి యాంటీబయాటిక్ కావాలి, అది డాక్టరే ఇవ్వాలి. కాబట్టి పిల్లి నోట్లోంచి విడిపించిన తొండ ఎంత చురుగ్గా ఉన్నా ఆ రోజే పశువైద్యుడికి చూపించండి. పిల్లలకు ఇంకొక మాట: అలా విడిపించేటప్పుడు పిల్లి మిమ్మల్ని గీరినా, కరిచినా ఇంట్లో దాచకండి. రేబిస్ వ్యాధి తొండల ద్వారా రాదు, పిల్లుల ద్వారా రావచ్చు. ఆ చోటును సబ్బుతో 15 నిమిషాలు కడిగి, పెద్దవాళ్ళతో అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. తొండ సంగతి తర్వాత.

ఎలుకల కోసం పెట్టే జిగురు అట్టకు తొండలు, బల్లులు అంటుకోవడం మామూలే. లాగితే చర్మం ఊడివస్తుంది. వంటనూనె తీసుకుని, దూదితో లేదా సన్నని కుంచెతో జిగురుకూ ఒంటికీ మధ్య చుక్క చుక్కగా రాయండి. ఒక కాలు, తర్వాత ఇంకొక కాలు, చివరకు పొట్ట. ముక్కు రంధ్రాల్లోకి నూనె పోకుండా చూడండి. పదిహేను, ఇరవై నిమిషాలు పట్టవచ్చు, ఓపిక పట్టాలి. విడిపోయాక మిగిలిన నూనెను మెత్తటి గుడ్డతో అద్ది తీయండి. కిరోసిన్, పెట్రోల్, థిన్నర్ లాంటివి వాడితే జిగురు పోతుంది, తొండా పోతుంది. అసలు ఆ జిగురు అట్ట ఇంట్లో పెట్టకపోవడమే నయం అని నా అభిప్రాయం.

సంక్రాంతి తర్వాత చెట్లకు వేలాడే నైలాన్ మాంజా కాళ్ళకు, మెడకు చుట్టుకుంటుంది. దాన్ని విప్పబోవద్దు, మొద్దు కొన ఉన్న చిన్న కత్తెరతో కత్తిరించండి. కొందరు పిల్లలు తొండ మెడకు దారం కట్టి ఆడిస్తారు. ఆ ఆట మన బడిలో వద్దు.

తోక తెగిందా? బల్లి అయితే కంగారు పడకండి. శత్రువుకు తోక వదిలేసి తప్పించుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. రక్తం పెద్దగా కారదు, కట్టు కట్టకూడదు, కొన్ని వారాల్లో కొత్త తోక మొలుస్తుంది, పాతంత అందంగా ఉండదు గానీ. తొండకు ఆ విద్య లేదు. దాని తోక తెగిందంటే నిజంగా గాయమైనట్టే, మళ్ళీ మొలవదు. తోక తెగిన తొండలు బాగానే బతుకుతాయి, కానీ పుండు పడకుండా చూడాలి.

చిన్న గీతలు, రాపిడి అయితే శుభ్రం చేస్తే చాలు. మందుల దుకాణంలో సెలైన్ సీసా దొరుకుతుంది. లేదంటే కాచి చల్లార్చిన అర లీటరు నీళ్ళలో ముప్పావు టీస్పూను ఉప్పు కలిపి, ఆ నీళ్ళతో మెల్లగా కడగండి. తర్వాత పోవిడోన్ అయోడిన్ మందును పలచని టీ రంగు వచ్చేదాకా నీళ్ళలో కలిపి దూదితో అద్దవచ్చు. పసుపు పూయాలని పెద్దవాళ్ళు అంటారు, మనకు అలవాటు కూడా. కానీ ఆ పొడి గాయంలో గడ్డకట్టి లోపల ఏముందో డాక్టరుకు కనపడకుండా చేస్తుంది. డెట్టాల్, స్పిరిట్ అస్సలు వద్దు. మన నొప్పి మాత్రల్లో చిన్న ముక్క కూడా వేయవద్దు. ఈ కాలంలో ఈగలు ఎక్కువ, పచ్చి పుండు మీద గుడ్లు పెడతాయి, రెండో రోజుకే పురుగులు పడతాయి. పెట్టె కన్నాలకు లోపలినుంచి దోమతెర ముక్క అంటించండి. కాలు విరిగినట్టు అనిపిస్తే పుల్ల కట్టే ప్రయత్నం చేయకండి, పెట్టెలో కదలకుండా ఉంచి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. వెనక కాళ్ళు రెండూ ఈడుస్తోందంటే వెన్ను దెబ్బ తిని ఉండవచ్చు. అలాంటివి చాలావరకు బతకవు. ఆ మాట పిల్లలకు దాచకుండా చెప్పడమే మంచిది.

తిండి గురించి అందరూ ముందే అడుగుతారు. మొదటి రోజు తిండి పెట్టకపోయినా ఏమీ కాదు. నీళ్ళు ముఖ్యం. తొండ గిన్నెలో నీళ్ళను సరిగా గుర్తించదు, ఆకుల మీది చుక్కలు నాకుతుంది. కాబట్టి ఒక ఆకు మీద నీళ్ళు చిలకరించి పెట్టెలో పెట్టండి, లేదా మూతి చివర ఒక్క చుక్క ఆనించండి. నాకితే ఇంకొకటి. నోరు తెరిచి పోస్తే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కోలుకున్నాక చిన్న మిడత పిల్లలు, చీమలు, ఈగలు పెట్టవచ్చు. పురుగు సైజు దాని రెండు కళ్ళ మధ్య దూరాన్ని మించకూడదు. అన్నం, చపాతీ, పాలు, బిస్కెట్టు దాని తిండి కాదు. పురుగుల మందు కొట్టిన చోట పట్టిన పురుగులు పెట్టకండి.

తాకిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడగాలి. బల్లి, తొండల పేగుల్లో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు, దాని వల్ల మనకు విరేచనాలు, జ్వరం వస్తాయి. అయిదేళ్ళ లోపు పిల్లలను పెట్టె దగ్గరికి రానివ్వకండి, పెట్టె వంటింట్లో పెట్టకండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు ఫోన్ చేయండి, పశువులను, కుక్కలను చూసే అందరూ తొండను చూడకపోవచ్చు. మరాఠీలో తొండను సరడా అంటారు, బల్లిని పాల్ అంటారు, ఉడుమును ఘోర్పడ్ అంటారు. "సరడ్యాచే పిల్లూ" అంటే వెంటనే అర్థమవుతుంది. ఎప్పుడు దొరికింది, ఎక్కడ దొరికింది, పిల్లి పట్టిందా, ఏ మందు రాశారు, ఈ నాలుగూ చెప్పండి. పక్కనున్న లాతూర్ జిల్లా ఉద్గీర్‌లో పశువైద్య కళాశాల ఉంది, ఇక్కడ వీలుకాకపోతే అక్కడ అడగవచ్చు.

దొరికింది ఉడుము పిల్ల అయితే ఇవేవీ మీరు చేయకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలులో ఉంది, పులి ఉన్న జాబితాలోనే. పట్టి ఇంట్లో ఉంచుకుంటే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. మహారాష్ట్ర అటవీశాఖ సహాయ నంబరు 1926కు ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినట్టు చేయండి.

దుకాణంలో కొన్న ఇగువానా లాంటి విదేశీ తొండలు ఒకరిద్దరి ఇళ్ళలో ఉన్నాయని విన్నాం. వాటి పిల్లలకు దెబ్బ తగలకుండానే కాళ్ళు వంకర పోతాయి, దవడ మెత్తబడుతుంది. కాల్షియం చాలక, ఎండ తగలక వచ్చే జబ్బు అది. ఎముక గట్టిపడటానికి కావలసిన కిరణాలను కిటికీ అద్దం చాలావరకు ఆపేస్తుంది, అందుకే అద్దం వెనక ఎండ సరిపోదు. ఇలాంటివి వైద్యం లేకుండా బాగుపడవు. వాటి నమోదు నియమాలు కూడా యజమానులు తెలుసుకోవాలి.

కోలుకున్న మన తొండను మాత్రం ఉంచుకోవద్దు. బిడ్డ ఏడుస్తాడు, నిజమే. అయినా రెండు రోజులు బాగా పాకి, తనంతట తాను పురుగు పట్టుకుందంటే వదిలే సమయం వచ్చినట్టే. గోదావరి ఒడ్డున పచ్చగా ఉందని అంతదూరం తీసుకుపోకండి, దొరికిన చోటనే, ఆ కంచె దగ్గరే వదలండి. ఏ పొద ఎక్కాలో, ఏ రాతి కింద దూరాలో దానికి అక్కడే తెలుసు. తొండ పరుగు కంచె దాకే అని ఊరికే అనలేదు. పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య, ఎండ కాస్త ఎక్కాక, దగ్గర పిల్లి, కుక్క లేవని చూసుకుని పెట్టెను పక్కకు వంచి పెట్టి నాలుగడుగులు వెనక్కి జరగండి. అది వెంటనే బయటికి రాదు. కొంచెం సేపు తల ఎత్తి చూస్తుంది.