బడి ఆవరణలో నేల పాఠము

మడకశిర ప్రాంతపు పొలములలో ఎక్కువ భాగము ఎర్రనేలలు. చాల చోట్ల పైమన్ను లోతు తక్కువ. త్రవ్వినచో త్వరలోనే గరుసు తగులును. అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాలలో సాలుకు కురియు సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఆ కొంచెము కూడ కొద్ది దినములలో జోరుగా పడి, బోడి మిట్టల మీది మట్టిని వంకల పాలు చేయును. అంగుళము పైమన్ను ఏర్పడుటకు వందల ఏండ్లు పట్టును. కొట్టుకొని పోవుటకు కొన్ని పెద్ద వానలు చాలును. సేద్యము చేపట్టిన తరువాత ఈ సంగతి తెలిసికొనుటకంటె, బడిలో నుండగనే చేతితో తాకి తెలిసికొనుట మేలు.

1950 జులైలో కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించిన నాటినుండి బడులలో మొక్కలు నాటుట ఆచారమైనది. కాని నాటిననాటి సందడి వేసవికి మిగులుట అరుదు. నూరు నాటి ఎండబెట్టుటకంటె, పది నాటి పదింటిని బ్రతికించుట మంచి పాఠము.

మొదట మట్టిని చూపుడు

గాజు సీసాలో మూడవ వంతు మట్టి వేసి, నీరు పోసి, బాగుగా కుదిపి కదపక ఉంచుడు. ఇసుక వెంటనే అడుగు చేరును, దానిపై ఒండ్రు, బంకమన్ను మరునాటికిగాని తేరుకొనదు. కొండవాలు మట్టి, చేని మట్టి, చెరువు మట్టి వేరు వేరు సీసాలలో పోల్చినచో, పెద్దలు వేసవిలో చెరువు మన్ను చేనికి ఎందుకు తోలుదురో పిల్లలకు తెలియును.

రెండు రేకు పళ్ళెములలో మట్టి నింపి ఏటవాలుగా ఉంచుడు. ఒకదానిపై ఎండుగడ్డి పరచి, రెండింటిపై పూల డబ్బాతో సమానముగా నీరు చల్లుడు. బోడి మట్టినుండి ఎర్రనీరు, గడ్డి క్రిందనుండి తేటనీరు కారుట చూచిన పిల్లవానికి వేరే ఉపన్యాసము అక్కరలేదు.

వేరుసెనగ నలుబది దినముల పైరుగా నున్నప్పుడు, ఒక మొక్కను మట్టితో సహా పెకలించి కడిగి చూపుడు. వేళ్ళ మీది బుడిపెను కోసినచో లోపల ఎర్రగా నుండును. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించు సూక్ష్మజీవులు అందులో పనిచేయుచున్నవనుటకు అది గుర్తు. కానుగ కూడ ఈ కుటుంబపు చెట్టే.

నాటు పద్ధతి

వేప, కానుగ, చింత, నేరేడు, సీతాఫలము మన నేలకు అలవాటైనవి. బడులు తెరచు జూన్, జులైలలోనే వేపపండ్లు రాలును. పిల్లలచే ఏరించి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి రెండు వారములలోపల విత్తించుడు. ఆలస్యమైనచో వేప గింజ మొలక శక్తి కోల్పోవును. ఆ నారును మరుసటి వానకాలములో నాటవచ్చును.

రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంటలు వేసవిలోనే త్రవ్వించి ఎండనిండు. పైమన్నును వేరుగా ఉంచి, చివికిన పశువుల ఎరువు కలిపి, దానినే వేళ్ళ చుట్టు వేయవలెను. మొక్కకు పల్లపు వైపున అర్ధచంద్రాకారపు గట్టు వేసినచో పారు నీరు అక్కడ నిలుచును. మేకలకు అందకుండ ముళ్ళకంప కట్టవలెను.

అసలు పరీక్ష వేసవి సెలవులు. మొక్క ప్రక్కన మట్టి కుండను మూతి వరకు పూడ్చి నీరు నింపినచో, అది మెల్లగా ఊరి వేళ్ళకు అందును. బడికి దగ్గర ఇండ్ల పిల్లలకు వంతులు వేసి, నింపిన తేదీలను ఒక పుస్తకములో వ్రాయించుడు. నిలువగలిగినన్ని మొక్కలే నాటుడు.

జిల్లాలోనే నిదర్శనము

1990లో చెన్నేకొత్తపల్లి ప్రాంతమున ఏర్పడిన టింబక్టు కలెక్టివ్ గ్రామస్థులతో కలిసి బోడికొండలను మంటల బారినుండి కాపాడినది. కల్పవల్లి అను ఆ కొండలపై గడ్డి, చెట్లు మరల పెరిగినవి. ఆ సంస్థ పిల్లల చదువు పనియు చేపట్టినది. కొండను కాచుట, పిల్లలకు నేర్పుట రెండును ఒకే పనిలోని భాగములని దీనివలన గ్రహింపవచ్చును.

రైతు సోదరులారా! మీ పిల్లవాడు సీసా పట్టుకొని చేనిలోనికి వచ్చి మట్టి అడిగినచో కసరుకొనకుడు. గట్టు తెగినచోటికి తీసికొనిపోయి, అక్కడి మట్టి ఎటు పోయినదో వానినే చెప్పనిండు. తరువాత ఇద్దరును కలిసి ఆ గట్టు వేయుడు.