పోర్షే 911 ఎలా తయారవుతుంది? ఫోన్ ప్రియుల కళ్లతో ఒక ఫ్యాక్టరీ టూర్

పోర్షే 911 తయారయ్యే లైన్ దగ్గర ఫోన్ బయటికి తీయకూడదు. ప్రొడక్షన్ ఏరియాలో ఫొటోలు, వీడియోలు నిషేధం. అందుకే ఈ ఆర్టికల్‌లో లైన్ ఫొటోలు ఉండవు. దానికి బదులు అక్కడ పని ఎలా జరుగుతుందో, మన చేతిలో ఉండే ఫోన్‌తో పోల్చి చెప్తాను.

గాడ్జెట్ సైట్‌లో కారు ఫ్యాక్టరీ గొడవేంటి అంటారా? కస్టమైజేషన్, బ్యాటరీ, ఫాస్ట్ చార్జింగ్, రిపేర్. మనం ప్రతి ఫోన్ రివ్యూలో మాట్లాడుకునే ఈ నాలుగు విషయాలూ అక్కడ భారీ సైజులో కనిపిస్తాయి. చివరిదాని గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి.

ఫ్యాక్టరీ జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, జుఫెన్‌హౌజెన్ అనే ప్రాంతంలో ఉంది. నేను అమ్మ, నాన్న, చెల్లితో కలిసి వెళ్లాను. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. అమ్మకి కుట్టుపనిలో మంచి అనుభవం ఉంది. వీళ్లిద్దరూ పక్కన ఉండబట్టి, నేనొక్కడినే వెళ్తే పట్టించుకోని విషయాలు చాలా తెలిశాయి.

ఊరి మధ్యలో ఇరుక్కున్న ఫ్యాక్టరీ

పోర్షే 1931లో స్టుట్‌గార్ట్‌లో ఒక డిజైన్ ఆఫీసుగా మొదలైంది. జుఫెన్‌హౌజెన్‌లో 356 మోడల్ ఉత్పత్తి 1950లో మొదలైంది. 911ని 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో చూపించారు. అప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా ఉండే మూడంకెల పేర్లపై ప్యూజో కంపెనీ అభ్యంతరం చెప్పడంతో 911 అయ్యింది. 2017 మేలో పది లక్షలవ 911 ఇక్కడి నుంచే బయటికొచ్చింది.

ఊరి బయట వందల ఎకరాల్లో ఉంటుందని మేం అనుకున్నాం. తీరా చూస్తే చుట్టూ రోడ్లు, ఇళ్లు, రైల్వే లైను. పక్కకి పెరగడానికి చోటు లేదు, అందుకే పైకి పెరిగింది. పని అంతస్తుల్లో జరుగుతుంది. కారు బాడీలు ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి రోడ్డు మీదుగా కట్టిన వంతెనలో వెళ్తాయి. 2019లో మొదలైన ఎలక్ట్రిక్ కారు టైకాన్ ప్లాంట్‌ని కూడా ఈ ఇరుకులోనే కట్టారు.

ఒకే లైన్, వేర్వేరు కార్లు

ఒక ఫోన్ మోడల్ తీసుకోండి. నాలుగు రంగులు, మూడు స్టోరేజ్ ఆప్షన్లు అనుకుంటే మొత్తం 12 రకాలు. ఫ్యాక్టరీలో ఒక్కో రకాన్ని వేలకొద్దీ ఒకేలా చేసుకుంటూ పోవచ్చు.

911 లైన్‌పై అలా కుదరదు. ముందు ఒక కూపే, దాని వెనక టాప్ తీసేసే క్యాబ్రియోలే, ఆ వెనక రేసింగ్‌కి దగ్గరగా ఉండే జీటీ3. స్టీరింగ్ ఒకదానికి ఎడమవైపు, ఇంకోదానికి కుడివైపు. రంగు, సీట్లు, బ్రేకులు, చక్రాలు, కుట్టు దారం రంగుతో సహా కస్టమర్ ఎంచుకుంటాడు. అన్నీ ఒకే లైన్‌పై వరుసగా వస్తుంటాయి.

మరి తప్పు పార్టు పడకుండా ఎలా? ఆ కారుకి కావాల్సిన పార్టులు మాత్రమే ఒక బుట్టలో సర్ది, కారుతో పాటే లైన్ పక్కన పంపిస్తారు. పనివాడు అరల్లో వెతుక్కోడు, బుట్టలో ఉన్నది తీసి బిగిస్తాడు. బుట్ట ఖాళీ అయితే పని పూర్తయినట్టు, ఏదైనా మిగిలితే ఎక్కడో తేడా ఉన్నట్టు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: ప్రతి కారూ సొంత కాన్ఫిగరేషన్ ఫైల్ ఉన్న ఒక బిల్డ్ అన్నమాట.

"పెళ్లి వారిది మెనూ కార్డు చూసి వంట సామాను కట్టించినట్టే కదా" అంది అమ్మ. నా ఉదాహరణ కంటే అదే బాగుంది.

ఇంజన్‌కి, బాడీకి పెళ్లి

నిజంగానే అక్కడ ఒక పెళ్లి ఉంది. బాడీ పైనుంచి వస్తుంది. ఇంజన్, గేర్‌బాక్స్, యాక్సిల్స్ కలిసి కింద నుంచి వస్తాయి. రెండూ కలిసే స్టేషన్‌ని జర్మన్ కార్ల ఫ్యాక్టరీల్లో "హోఖ్‌జైట్" అంటారు, అంటే పెళ్లి. గైడ్ ఆ మాట చెప్పగానే నేను అనువాదం చేశాను. "మరి ముహూర్తం ఎవరు పెడతారట?" అని అమ్మ. లైన్ వేగమే ముహూర్తం, ఆలస్యం కుదరదు.

నాన్న చూపు మాత్రం బోల్టులు బిగించే టూల్ మీదే ఉంది. ముఖ్యమైన బోల్టు ఎంత గట్టిగా బిగిసిందో ఆ టూల్ కొలుస్తుంది. సరిపోతే స్క్రీన్‌పై పచ్చ గుర్తు వస్తుంది, ఆ విలువ ఆ కారు రికార్డులోకి వెళ్తుంది. "మా డిపోలో ఇది చేతికి తెలిసేదిరా. కొత్త కుర్రాడికి చెయ్యి కుదరడానికి రెండేళ్లు పట్టేది" అన్నారు. అదే తేడా. అనుభవజ్ఞుడి చేతికి తెలిసిన విషయం ఇక్కడ ఒక లాగ్ ఎంట్రీ అయ్యింది. పదేళ్ల తర్వాత ఏదైనా సమస్య వస్తే, ఆ రోజు ఏం జరిగిందో చూసుకోవచ్చు.

వెల్డింగ్ లాంటి పనుల్లో రోబోలదే రాజ్యం. ఫైనల్ అసెంబ్లీకి వచ్చేసరికి మనుషులే ఎక్కువ. కారణం సింపుల్: ఒకే పని పదివేల సార్లు చేయడానికి రోబో బాగుంటుంది. ప్రతిసారీ వేరే పని అయితే మనిషే నయం. సీట్ల లెదర్ విభాగంలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. తోలుపై గీతలు, మచ్చలు ఎక్కడున్నాయో మనిషి కళ్లతో చూసి, చేత్తో తడిమి గుర్తు పెడతాడు. వాటిని తప్పించి ముక్కలు కోస్తారు. అమ్మ అక్కడి నుంచి కదలడానికి ఒప్పుకోలేదు.

800 వోల్టుల ట్రిక్, మీ ఫోన్‌లోనూ ఉంది

ఇప్పుడు బ్యాటరీ సంగతి. 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో దాదాపు 19 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. 2024లో వచ్చిన 911 కరేరా జీటీఎస్ హైబ్రిడ్‌లో చిన్న బ్యాటరీ ఉంది, 1.9 కిలోవాట్ అవర్లు. అంటే వంద ఫోన్లు. అదే ఏడాది అప్‌డేట్ అయిన టైకాన్ పెద్ద బ్యాటరీ 105 కిలోవాట్ అవర్లు. అంటే దాదాపు 5,500 ఫోన్లు!

దీన్ని 10 నుంచి 80 శాతానికి 18 నిమిషాల్లో ఎక్కించొచ్చని కంపెనీ చెబుతోంది, గరిష్ఠంగా 320 కిలోవాట్ల వేగంతో. ఎలా సాధ్యం?

పవర్ అంటే వోల్టేజ్‌ని కరెంట్‌తో గుణిస్తే వచ్చేది. 320 కిలోవాట్లు 400 వోల్టుల దగ్గర పంపాలంటే 800 ఆంపియర్లు కావాలి. 800 వోల్టుల దగ్గర అయితే 400 ఆంపియర్లు చాలు. కేబుల్‌లో పుట్టే వేడి కరెంట్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, కరెంట్ సగమైతే వేడి నాలుగో వంతుకి పడిపోతుంది. 800 వోల్టులతో వచ్చిన మొదటి ప్రొడక్షన్ కారు టైకానే.

ఇదే ట్రిక్ ఒప్పో 2019లో తెచ్చిన 65 వాట్ల సూపర్‌వూక్‌లో ఉంది. 5 వోల్టుల దగ్గర 65 వాట్లు పంపాలంటే 13 ఆంపియర్లు కావాలి. అందుకని బ్యాటరీని రెండు సెల్స్‌గా చేసి సిరీస్‌లో పెట్టారు. 10 వోల్టులు, 6.5 ఆంపియర్లతో పని అయిపోయింది. టైకాన్‌లో 396 సెల్స్ ఉంటాయి. రెండేసి సెల్స్ జత చేసి, అలాంటి 198 జతలని సిరీస్‌లో కలిపారు. ఫోన్‌లో రెండు, కారులో 198. లెక్క ఒకటే.

నాన్న అడిగిన ప్రశ్న

టూర్ చివర్లో ప్రశ్నలు అడగమన్నారు. చెల్లి టాప్ స్పీడ్ అడుగుదామనుకుంది. నాన్న ముందే అందుకున్నారు: "ఇంత అందంగా బిగించారు సరే, పదేళ్ల తర్వాత దీన్ని విప్పగలరా? అడుగు."

నాకు ఆ రోజు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న ఇదే. జవాబు లైన్‌పైనే ఉంది. టైకాన్ బ్యాటరీని కారు అడుగున బోల్టులతో బిగిస్తారు. లోపల 33 మాడ్యూల్స్ ఉంటాయి. ఒకటి పాడైతే దాన్ని విడిగా మార్చే వీలుంది. పాత మోడళ్ల పార్టుల కోసం పోర్షే క్లాసిక్ అని ప్రత్యేక విభాగమే ఉంది. 1980ల నాటి 959 కారుకి క్లచ్ లీవర్ దొరక్కపోతే దాన్ని లోహంతో 3డీ ప్రింట్ చేసి ఇస్తున్నారు. 959లు చేసింది 292 మాత్రమే. అంత తక్కువ కార్ల కోసం కూడా పార్టు ఉంది.

ఇప్పుడు మన ఫోన్ చూడండి. లక్షలు, కోట్లలో అమ్ముడయ్యే వస్తువు. బ్యాటరీని జిగురుతో అంటిస్తారు, వెనక గ్లాస్‌నీ జిగురుతోనే మూస్తారు. నాలుగేళ్లకి పార్టు దొరకదు. నిజమే, పలుచగా ఉండాలి, నీళ్లు లోపలికి పోకూడదు, ధర తక్కువ ఉండాలి. 911కి ఈ ఒత్తిళ్లు లేవు. ఇండియాలో దాని ధర దాదాపు రెండు కోట్ల దగ్గర మొదలవుతుంది. దాని సర్వీస్ బిల్లూ మనం తట్టుకునేది కాదు. కానీ బోల్టు పెట్టాలా, జిగురు పెట్టాలా అనేది డిజైన్ దశలోనే తీసుకునే నిర్ణయం. ఖరీదైన వస్తువుకే ఆ మర్యాద ఎందుకు దక్కాలి?

యూరప్‌లో ఈ ప్రశ్న చట్టం దాకా వెళ్లింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్లోకి వచ్చే కొత్త ఫోన్ మోడళ్లకి, అమ్మకాలు ఆగిపోయాక కూడా ఏడేళ్లు ముఖ్యమైన స్పేర్ పార్టులు అందుబాటులో ఉంచాలి. కనీసం ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వాలి. అక్కడ అమ్మే ఫోనే మన దగ్గరా అమ్ముతారు కాబట్టి, డిజైన్‌లో వచ్చే మంచి మార్పు కొంత మనకీ చేరుతుంది. పార్టుల హామీ మాత్రం దానంతటది రాదు, మనం అడగాలి.

మీరూ వెళ్లాలనుకుంటే

• ఫ్యాక్టరీ టూర్‌కి ముందే బుక్ చేసుకోవాలి. నేరుగా వెళ్తే లోపలికి పంపరు. పిల్లలు ఉంటే వయసు నిబంధన బుకింగ్‌లోనే చూసుకోండి.
• గైడ్ జర్మన్ లేదా ఇంగ్లిష్‌లో చెప్తారు. పెద్దవాళ్లకి అనువాదం చేయడానికి సిద్ధంగా ఉండండి.
• నడక ఎక్కువ. షూస్ తప్పనిసరి.
• ఎదురుగానే 2009లో తెరిచిన పోర్షే మ్యూజియం ఉంది. 80కి పైగా కార్లు ఉంటాయి, ఫొటోలు తీసుకోవచ్చు. సోమవారం సెలవు.
• స్టుట్‌గార్ట్ మెయిన్ స్టేషన్ నుంచి ఎస్6 రైలెక్కి నోయ్‌విర్ట్స్‌హౌస్ స్టేషన్‌లో దిగితే మ్యూజియం పక్కనే.

నా తీర్పు

స్పోర్ట్స్ కారు కొనే ఉద్దేశం లేకపోయినా ఈ టూర్ డబ్బుకి తగ్గ విలువే. నాకు మాత్రం ఫోన్ రివ్యూ చదివే పద్ధతి మారింది. ప్రాసెసర్, కెమెరా, చార్జింగ్ వాట్లు చూశాక ఇంకో మూడు చూస్తున్నాను: బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుంది, పార్టులు ఎన్నేళ్లు దొరుకుతాయి, అప్‌డేట్లు ఎప్పటిదాకా. ఈ మూడింటికీ కంపెనీ సూటిగా జవాబు చెప్పకపోతే, ఎంత వేగంగా చార్జ్ అయినా ఆ ఫోన్‌కి నేను మార్కులు తగ్గిస్తాను.